కట్టెలు మోసే గట్టి సంచి ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా

కట్టెల సంచి పాడైందంటే గుడ్డ చిరిగిపోయిందని అనుకుంటాం. పాడైన సంచిని ఒకసారి తిరగేసి చూడండి. గుడ్డ నడిమధ్య చిరగడం అరుదు. పిడి కుట్టిన చోట దారం తెగి, ఆ సూది బెజ్జాల వెంట గుడ్డ విచ్చుకుని ఉంటుంది. బజారులో అమ్మే సంచుల్లో చాలావాటికి పిడిని అంచు మీద రెండంగుళాల మేర అతికించి వదిలేస్తారు. కూరగాయలకు అది చాలు, సరుగుడు కట్టెలకు చాలదు.

అందుకే ఇక్కడ చెప్పబోయే సంచిలో బరువు మోసే పని గుడ్డకు అప్పగించడం లేదు, నవారుకు అప్పగిస్తున్నాం. ఒకే పొడవాటి నవారు ముక్క కట్టెల కింద మొదలై, ఒక పక్క పిడి అయి, మళ్లీ కట్టెల కింద నుంచి వెళ్లి, అవతల రెండో పిడి అయి, తిరిగి వచ్చి తన మొదటి కొసనే కలుస్తుంది. గుడ్డ చేసేదల్లా కట్టెలు జారకుండా ఒడి పట్టడం, బెరడు పొట్టు గది నిండా రాలకుండా ఆపడం. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే కొలతలు అరంగుళం అటూ ఇటూ అయినా కొంప మునగదు.

విశాఖపట్నంలో ఇప్పుడు కట్టెలతో పనేమిటని అడిగేవారు ఉంటారు. పని ఉంది. పాత ఇళ్ల పెరట్లో స్నానాల నీళ్లు కాచే రాగి బాయిలర్లు ఇంకా కనిపిస్తాయి. కార్తీకంలో వనభోజనాలకు తోటలో పొయ్యి పెట్టాలన్నా, జనవరిలో భోగి మంట వేయాలన్నా, చలికాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లి రాత్రిపూట నెగడు వేసుకోవాలన్నా కట్టెలు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటి వేల చెట్లను కూల్చినప్పుడు, కరెంటు లేని ఆ రోజుల్లో వీధిలో పడిన కొమ్మలే కొన్ని ఇళ్లకు వంటచెరకు అయ్యాయి. పొడవాటి మోపును నెత్తిన చుట్టకుదురు పెట్టి మోయడం తెలిసినవారికి ఈ సంచి అక్కరలేదు. అడితి నుంచి వచ్చిన కట్టెలను గేటు దగ్గర నుంచి పెరట్లోకో, కారు డిక్కీ నుంచి తోటలోకో, మెట్లెక్కి డాబా మీదికో చేత్తో మోసేవారి కోసం ఇది.

ముందు బరువు లెక్క

సంచి ఎంత పెద్దదైతే అంత మేలని అనిపిస్తుంది. కాదు. మనం కుట్టేది 40 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉండే చాప లాంటి ముక్క. పొడవు వైపు కట్టెల చుట్టూ తిరుగుతుంది. కట్టెలు వెడల్పు వైపు పడుకుంటాయి, వాటి కొసలు రెండు పక్కలా బయటికి వచ్చినా ఇబ్బంది లేదు. ఇది నిండితే మోపు అడ్డుకొలత సుమారు 12 అంగుళాలు. ఒకటిన్నర అడుగు పొడవు నరికిన ఎండు సరుగుడు కట్టెలైతే, మధ్య ఖాళీలు పోను, దాదాపు 15 కిలోలు తూగుతాయి. ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కడానికి అంతకు మించి వద్దు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మోపు అడ్డుకొలత 12 నుంచి 16 అంగుళాలకు పెరిగితే బరువు మూడో వంతు పెరుగుతుందని అనుకుంటారు, కాని అది దాదాపు 27 కిలోలు అవుతుంది. చుట్టుకొలత పెరిగే కొద్దీ బరువు దాని వర్గం లెక్కన పెరుగుతుంది మరి. అందుకని పెద్ద సంచి ఒకటి కుట్టే బదులు ఈ కొలతవి రెండు కుట్టండి. చేతికొకటి ఉంటే నడుము ఒక పక్కకు వాలదు, పైగా గుడ్డ కూడా కలిసివస్తుంది. అదెలాగో కిందే చెబుతాను.

ఇంకో మాట. సరుగుడు బరువైన కర్ర. మామిడి దానికంటే తేలిక, అంతే సంచిలో బరువు బాగా తగ్గుతుంది. పచ్చి కట్టె సంగతి వేరు. దాని బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీరే ఉంటుంది కాబట్టి, వానాకాలంలో తెచ్చిన కట్టెలను సంచి నిండా పెట్టకండి.

గుడ్డ, నవారు, దారం

గుడ్డకు నూలు కాన్వాసు అన్నిటికన్నా మంచిది. మన పెద్దలు కిత్తాను అనేది ఇదే. చదరపు మీటరుకు 400 గ్రాములు తూగే రకం అడగండి. కొట్లో తూకం చెప్పలేకపోతే గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలు కనిపించకూడదు. మడిచి గోటితో నొక్కితే మడత నిలబడాలి. అంతకన్నా మందం అంటే, లారీల మీద కప్పే మైనం పట్టిన కాన్వాసు లాంటివి, ఇంటి మెషీన్ మీద నడవవు. వాసన కూడా భరించలేం.

కొనడం ఇష్టం లేకపోతే పాత జీన్సు ప్యాంట్లు రెండు సరిపోతాయి. మోకాళ్ల దగ్గర పలచబడిన భాగం వదిలేసి, తొడ భాగం, వెనక భాగం కత్తిరించి అతుకుకోవాలి. అతుకులు సంచికి అడ్డంగా కాకుండా నిలువుగా, అంటే నవారు వెళ్లే దిక్కుగా వచ్చేలా చూసుకోండి. గోనెసంచి మాత్రం వద్దు. చవక, నిజమే, కాని నేత వదులుగా ఉండి కుట్టు పట్టదు, తడిస్తే కుళ్లుతుంది, పీచు ఇంటి నిండా రాలుతుంది. ఫ్లెక్సీ బ్యానర్ల గుడ్డ ఊరికే దొరుకుతుంది కదా అని కొందరు వాడతారు. ఎండకు పెళుసెక్కి మడతల్లో పగిలే గుడ్డ అది. దాని మీద సూది నడిచిన గీత తపాలా బిళ్లల మధ్య బెజ్జాల వరసలా పని చేసి, బరువు పడగానే అక్కడికక్కడే చింపి ఇస్తుంది.

నవారు అంటే నవారు మంచాలకు అల్లే నూలు పట్టీయే. రెండంగుళాల వెడల్పుది తీసుకోండి. మంచానికి వాడే మరీ వెడల్పాటి రకం చేతిలో ఇమడదు. స్కూలు బ్యాగులకు వేసే నున్నటి ప్లాస్టిక్ బెల్టు పట్టీ గట్టిదే, కాని పది కిలోలు దాటితే వేళ్లను కోస్తుంది, పొయ్యి సెగ తగిలితే ముడుచుకుపోతుంది. చేతికి నూలే సుఖం. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల తాళ్లు, పట్టాలు అమ్మే కొట్లలో అడిగి చూడండి. ఒక్కో సంచికి నాలుగు మీటర్లు కొనండి. లెక్క ప్రకారం మూడు మీటర్లకు కాస్త పైన చాలు గాని, నూలు నవారు నీళ్లు తగిలితే కుదించుకుంటుంది. మిగిలిన ముక్క మెషీన్ సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

దారం పాలిస్టర్‌ది, మందంగా ఉన్నది. జాకెట్లు కుట్టే నూలు దారం ఈ సముద్రపు గాలికి, చెమ్మకు ఎక్కువ కాలం ఆగదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలు బాగుచేసేవారు వాడే సన్నటి నైలాన్ దారం చేతి కుట్టుకు బ్రహ్మాండంగా ఉంటుంది, అది మెషీన్‌లో పట్టదు. ఎండలో పడి ఉండే వస్తువుకు నైలాన్ కన్నా పాలిస్టర్ మన్నిక ఎక్కువ.

ఇవి కాక సుద్ద, టేపు, పెద్ద కత్తెర, బట్టలారేసే క్లిప్పులు ఓ పది, ఒక చిన్న సుత్తి, ఒక దబ్బనం. గుండుసూదులు ఈ మందంలో వంకర పోతాయి, వాటి జోలికి పోకండి. ఇనప రింగులు, ఇనప రివిట్లు కూడా వద్దు. ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టూ ఉన్న గుడ్డనే తినేస్తుంది.

తడిపి ఆరబెట్టాకే కత్తెర

కొన్న గుడ్డను, నవారును వేడి నీళ్ల బకెట్టులో ఒక పూట నానబెట్టి, పిండకుండా ఎండలో ఆరేయండి. కొత్త కాన్వాసు మొదటి తడుపుకు పొడవులో వందకు ఐదు నుంచి పది వంతులు తగ్గుతుంది. నవారు కూడా అంతే, కాని రెండూ ఒకే లెక్కలో తగ్గవు. తడపకుండా కుట్టేస్తే మొదటి వానకు నవారు లాగి, గుడ్డ ముడతలు పడి, సంచి మూతి ముడుచుకుంటుంది. తొందర ఉన్నా ఈ పని మానకండి.

ఆరాక ఇస్త్రీ చేసి 44 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు ముక్క కత్తిరించండి. 60 అంగుళాల పన్నా గుడ్డ ఒకటిన్నర మీటరు కొంటే ఇలాంటివి రెండు వస్తాయి. మిగిలిన పట్టీలోంచి 15 అంగుళాలకు పదిహేడున్నర అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. అవి సంచి అడుగున లోపలి వైపు వేసే అతుకులు. చెప్పానుగా, గుడ్డ కలిసివస్తుందని. పొడవు వైపు గుడ్డ నిలువు పోగు దిక్కుకు రావాలి. ఐమూలగా కత్తిరిస్తే బరువుకు సాగి, సంచి వంకర తిరుగుతుంది.

అతుకు, అంచులు

గుడ్డను లోపలి వైపు పైకి వచ్చేలా పరిచి, సరిగ్గా మధ్యలో అడుగు అతుకు పెట్టండి. దాని 15 అంగుళాల కొలత సంచి పొడవు దిక్కున ఉండాలి. ఆ దిక్కున ఉన్న రెండు కొసలనూ అరంగుళం లోపలికి మడిచి, మడత అంచు వెంట కుట్టేయండి. మిగతా రెండు పక్కలను కుట్టక్కర్లేదు, సంచి పక్క అంచులు మడిచినప్పుడు అవి మడత కిందికి వెళ్లిపోతాయి. కట్టెల మొనలు ముందు గుచ్చుకునేది ఇక్కడే, నేలకు రాసుకునేదీ ఇక్కడే. తుమ్మ కట్టెలు వాడేవారు రెండో అతుకు కూడా వేసుకుంటే మంచిది, ముల్లు మిగిలిపోయిన కొమ్మ ఒక పొరను సులువుగా దాటుతుంది.

తర్వాత పొడవాటి పక్కలు. ముందు అరంగుళం, ఆ పైన అంగుళం మడిచి, మడతను సుత్తితో మెల్లగా కొట్టి అణచండి. క్లిప్పులు పెట్టి, మడత లోపలి అంచు వెంట ఒక కుట్టు, బయటి అంచు వెంట ఇంకో కుట్టు వేయండి. చివరగా పిడుల వైపు ఉండే పొట్టి కొసలు. వీటికి అరంగుళం, ఆ పైన అంగుళంన్నర మడత. ఇక్కడ మూడు పొరలు కావడంతో మూలల దగ్గర తొమ్మిది పొరల దాకా పేరుకుంటాయి. పొడవు పక్కల మడతలో మూల దగ్గర దాగిన గుడ్డను ముందే కాస్త కోసి తీసేస్తే ఆ బాధ తగ్గుతుంది. అప్పటికీ సూది దిగకపోతే మూలను వదిలేసి ముందుకు పోండి, తర్వాత దబ్బనంతో రెండు పోట్లు వేస్తే సరిపోతుంది. మూల మీద బరువు పడదు.

ఇప్పుడు మీ దగ్గర 40 అంగుళాలకు 18 అంగుళాల గట్టి చాప ఉంది. అసలు పని ఇక మొదలు.

నవారు తిప్పడం

చాపను బోర్లించి బయటి వైపు పైకి పెట్టండి. పక్క అంచు నుంచి నాలుగంగుళాలు లోపలికి, ఈ కొస నుంచి ఆ కొస దాకా సుద్దతో గీత గీయండి. రెండో పక్కా అలాగే. ఈ రెండు గీతల మధ్య పదంగుళాలు ఉండాలి, మొదట్లోనూ చివర్లోనూ కొలిచి చూసుకోండి. గీతలు సమానదూరంలో లేకపోతే మోపు ఒక పక్కకు తల వాలుస్తుంది.

నవారు మధ్య గీత ఈ సుద్ద గీత మీద పడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది పిడి దగ్గర మొదలుపెట్టి పిడి దగ్గరే ముగిస్తారు. నవారు కొసలు కలిసే అతుకు అక్కడ వస్తే బరువంతా ఆ అతుకు మీదే. సరిగ్గా అడుగు మధ్యలో పెడదామా అంటే, సంచి కింద పెట్టిన ప్రతిసారీ అతుకు నేలకు రాసుకుంటుంది. అందుకని ఒక గీత మీద, అడుగు మధ్య నుంచి జానెడు పక్కకు జరిగి మొదలుపెట్టండి. అక్కడ నవారు గుడ్డకు ఆసాంతం కుట్టి ఉంటుంది, నేల రాపిడి తక్కువ, పిడి లాగుడూ నేరుగా తగలదు.

మొదలుపెట్టిన చోటు నుంచి గీత వెంట దగ్గరి కొస దాకా నవారు పరచండి. గుడ్డ అంచు తాకిన చోట నవారు మీద సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి నవారు మీదే 18 అంగుళాలు కొలిచి రెండో గుర్తు పెట్టండి. ఆ రెండో గుర్తు అవతలి గీత కొస మీద కూర్చోవాలి. మధ్యలో గాలిలో ఉన్న 18 అంగుళాలే మీ పిడి. అక్కడి నుంచి రెండో గీత వెంట ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ 18 అంగుళాల పిడి వదిలి, మొదటి గీత మీదికి తిరిగి రండి. రెండు కొసలు ఐదంగుళాల మేర ఒకదాని మీద ఒకటి పడాలి, కొసలను అరంగుళం చొప్పున లోపలికి మడవాలి. మొత్తం నవారు 122 అంగుళాలు, అంటే మూడు మీటర్ల పది సెంటీమీటర్లు.

కుట్టే ముందు ఒకసారి నవారు మొత్తం వేళ్లతో తడుముతూ రండి. పిడి దగ్గర ఎక్కడో ఒక మెలి పడి ఉంటుంది. కుట్టాక కనిపిస్తే విప్పడం తప్ప దారి లేదు. సరిగ్గా ఉందనుకున్నాక చేత్తో పొడుగు టాకాలు వేసి నవారును గుడ్డకు నిలపండి.

పిడి ఇంకా పొడుగు పెడదామని అనిపిస్తుంది, భుజానికి తగిలించుకోవచ్చు కదా అని. 15 కిలోల కట్టెలు భుజానికి వేలాడదీస్తే నడుస్తుంటే పక్కటెముకలకు కొడతాయి. చేత్తో పట్టుకునేవారికి పొడుగు పిడి మరీ ఇబ్బంది. పన్నెండంగుళాల మోపు, దాని పైన ఏడెనిమిది అంగుళాల పిడి కలిస్తే ఇరవై. సగటు ఎత్తు మనిషి చేయి చాచి నిలబడితే పిడికిలి నేలకు 27 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మిగిలిన ఏడంగుళాలు మెట్టు ఎత్తుకే సరి. అంతకన్నా పిడి పొడుగైతే ప్రతి మెట్టుకూ మోపు తగులుతుంది.

కుట్టు

సూది 18 నంబరుది వేయండి, జీన్సు గుడ్డకైతే 16 కూడా నడుస్తుంది. కుట్టు పొడవు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు. సన్న కుట్టు గట్టిదని నమ్మకం ఉంది గాని, మందపాటి గుడ్డలో దగ్గర దగ్గర బెజ్జాలు పడితే గుడ్డే బలహీనపడుతుంది. ముందు మిగిలిన నవారు ముక్కను కాన్వాసు ముక్క మీద పెట్టి కుట్టి చూడండి. అడుగున దారం ఉచ్చుల్లా వేలాడితే పైన టెన్షన్, అంటే పై దారం బిగింపు, పెంచాలి. పై దారం తాడులా బిగుసుకుని కింది దారం పైకి కనిపిస్తే కాస్త సడలించాలి.

నవారు రెండు అంచుల వెంట, అంచుకు మూడు మిల్లీమీటర్లు లోపలికి, నిలువు కుట్టు వేస్తూ వెళ్లండి. ఈ పొడవు కుట్టే బరువును గుడ్డ అంతటా పంచుతుంది. పిడుల వైపు వచ్చేసరికి, మూడు పొరల మడత మొదలయ్యే చోటికి కాస్త ఈవల, ఒక చదరం కుట్టాలి. నవారు వెడల్పు ఎంతో చదరం అంత. నాలుగు పక్కలా కుట్టి, లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకు, మళ్లీ ఇంకో మూల నుంచి దాని ఎదురు మూలకు, ఇంటూ మార్కులా రెండు గీతలు. సూదిని గుడ్డలోనే దించి ఉంచి, గుడ్డను నొక్కి పట్టే ఫుట్‌ను పైకెత్తి, గుడ్డను తిప్పుకుంటూ పోతే దారం తెంచకుండానే చదరం మొత్తం పూర్తవుతుంది. చివర మూడు నాలుగు కుట్లు వెనక్కి వేసి లాకు చేయండి. గుడ్డ రెండు కొసల్లో రెండేసి, మొత్తం నాలుగు చదరాలు. నవారు కొసలు కలిసిన ఐదంగుళాల అతుకు మీద రెండు చదరాలు పక్కపక్కన.

ఈ చదరాలను సరిగ్గా అంచు మీద కాకుండా మడతకు ఈవల పెట్టమనడానికి కారణం ఉంది. అంచు మీద గుడ్డ మూడు పొరలు, పైన నవారు. ఇంటి మెషీన్ అక్కడ కుట్లు దాటవేస్తుంది. పైకి కుట్టు పడ్డట్టే కనిపిస్తుంది, తిరగేసి చూస్తే మధ్యలో రెండు మూడు పట్టనే పట్టవు. మడతకు ఈవల ఒక పొరే కాబట్టి కుట్టు శుభ్రంగా పడుతుంది. ఆ పైన మిగిలిన అంగుళంన్నర మీద, మెషీన్ సహకరిస్తే రెండంచుల కుట్టును అంచు దాకా పొడిగించండి. మొండికేస్తే దబ్బనానికి వదిలేయండి.

మెషీన్ మొండికేసినప్పుడు కాలితో తొక్కకండి, మోటారు ఉంటే స్విచ్చి మీద కాలు తీసేయండి. చక్రాన్ని చేత్తో ఒక్కో కుట్టు చొప్పున తిప్పండి. మడత ఎక్కే చోట ఫుట్ ముందు భాగం పైకి లేచి, వెనక భాగం గాలిలో ఉండిపోతుంది. అందుకే గుడ్డ కదలదు, ఒకే బెజ్జంలో సూది మళ్లీ మళ్లీ దిగి దారం తెంపుతుంది. అట్టముక్కను మడతంత మందం వచ్చేలా మడిచి ఫుట్ వెనక కింద పెడితే ఫుట్ సమంగా కూర్చుంటుంది, గుడ్డ కదులుతుంది. మడత దిగేటప్పుడు అదే అట్ట ముందు వైపు పెట్టాలి. పాత నల్ల కాలి మెషీన్ ఉన్నవారు అదృష్టవంతులు. డిజైన్లు వేసే కొత్త చిన్న మెషీన్ల కన్నా ఈ పనికి అదే నమ్మకమైనది, నెమ్మదిగా నడుస్తుంది, నవారును జంకు లేకుండా గుచ్చుతుంది.

అసలు మెషీన్ లేకపోతే? దబ్బనం, నైలాన్ దారం, ఒక ఆదివారం. దారాన్ని మైనపు ముక్క మీద ఒకసారి లాగితే జారుడు తగ్గి ముడి నిలుస్తుంది. ముందుకు ఒక పోటు వేసి, అందులో సగం వెనక్కి వచ్చి మళ్లీ పొడవండి. ఇలా కుట్టిన వరసలో ఒకచోట దారం తెగినా మిగతాది విడిపోదు. అరచేతికి దళసరి గుడ్డ చుట్టుకోండి, దబ్బనం మొదలు అరచేతిలోకి దిగుతుంది. అంత ఓపిక లేకపోతే అంచులు ఇంట్లో కుట్టి, నవారు టాకాలు వేసి, చదరాలు మాత్రం చెప్పులు, బ్యాగులు కుట్టేవారి చేత వేయించుకోండి. వాళ్ల సూది తోలును కుట్టేది, దీన్ని లెక్కచేయదు. చదరం ఎక్కడ పడాలో సుద్దతో గీసి ఇవ్వడం మరవకండి. లేకపోతే అలవాటు ప్రకారం అంచు మీదే వేసేస్తారు.

పిడి పట్టు

రెండంగుళాల నవారు చేతిలో పట్టుకుంటే అంచులు వేళ్ల మొదళ్లను నొక్కుతాయి. పిడి మధ్యలో ఐదంగుళాలు కొలిచి, అక్కడ నవారును నిలువునా సగానికి మడిచి అంచులు కలిపి కుట్టండి. మడత లోపల మిగిలిన నవారు ముక్క ఒకటి పెడితే గుండ్రంగా, మెత్తగా వస్తుంది. రెండు పిడులూ కలిపి ఒకే పిడికిలిలో పట్టాలి కాబట్టి మరీ లావు చేయకండి.

బియ్యం బస్తాతో పరీక్ష

కట్టెలు పెట్టే ముందు 25 కిలోల బియ్యం బస్తాను సంచి మధ్యలో అడ్డంగా పడుకోబెట్టి, రెండు పిడులూ కలిపి పట్టుకుని జానెడు ఎత్తు లేపండి. చేతకాకపోతే ఇద్దరు చెరో పిడి పట్టండి. దించి, నాలుగు చదరాలనూ ఒక్కొక్కటిగా వెలుతురులో చూడండి. సూది బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే అక్కడ కుట్టు సరిపోలేదు, చదరం చుట్టూ ఇంకో వరస వేయండి. నవారు పక్కన గుడ్డ ముడతలు పడితే నవారు కుట్టేటప్పుడు లాగి పట్టారన్నమాట. చూడటానికి బాగుండదు గాని బలానికి లోటు లేదు, విప్పాల్సిన పని లేదు. పిడి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే మాత్రం విప్పాలి.

25 కిలోలకు చెక్కుచెదరని సంచి 15 కిలోల కట్టెలను రోజూ మోస్తుంది.

వాడకం

సంచిని నేల మీద పూర్తిగా పరచండి. లావు కట్టెలు అడుగున మధ్యలో, సన్నవి పైన. మొదటి కట్టెలను నవారు గీతలకు అడ్డంగా, రెండు నవార్ల మీదా సమానంగా ఆనేలా పెట్టాలి. ఒక కట్టె ఏటవాలుగా పడిందంటే ఎత్తినప్పుడు అది జారి మోపు మొత్తాన్ని వదులు చేస్తుంది. కుప్పలోంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించండి. వానాకాలంలో కట్టెల కుప్ప కింద తేళ్లు, జెర్రులు ఉంటాయి. సంచిలో చేరి ఇంట్లోకి రావడం వాటికి పెద్ద పని కాదు. అదే కారణంతో, ఖాళీ సంచిని కుప్ప మీద పడేయకుండా మేకుకు తగిలించండి.

పొయ్యి దగ్గర కట్టెలు దించాక సంచిని వెంటనే తీసి పక్కన పెట్టండి. కాన్వాసు నిప్పురవ్వ పడితే మెల్లగా రాజుకుంటుంది, మంట కనిపించేలోపు చెయ్యంత చిల్లు పడుతుంది. వాన తగలకుండా మైనం పూస్తారు కొందరు. నిప్పు పక్కన తిరిగే సంచికి ఆ పని చేయవద్దనే నా సలహా.

తడిస్తే మడవకండి. ఈ ఊరి చెమ్మకు తడి కాన్వాసు ఒక్క రాత్రిలోనే ముక్కిన వాసన వేస్తుంది, మూడు నాలుగు రోజులకు నల్ల బూజు చుక్కలు పడతాయి. ఎండలో తిరగేసి ఆరేసి, దులిపి తగిలిస్తే చాలు. ఉతకడం ఏడాదికి ఒకటి రెండుసార్లు, సబ్బుపొడి నీళ్లలో బ్రష్షుతో. వాషింగ్ మెషీన్‌లో వేస్తే బెరడు పొట్టు గొట్టంలో ఇరుక్కుంటుంది.

వాడుతూ వాడుతూ ముందు అరిగేది అడుగు అతుకు. అది చిల్లు పడగానే పాతదాని మీదే కొత్త ముక్క వేసి కుట్టేయండి, విప్పక్కర్లేదు. తర్వాత పోయేది పిడి మధ్య భాగం, చెమటకు, రాపిడికి పోగులు లేస్తుంది. దాని మీద పాత జీన్సు పట్టీ చుట్టి కుడితే మళ్లీ కొన్నాళ్లు ఆగుతుంది. చదరాల్లో దారం తెగడం కనిపిస్తే మాత్రం వాయిదా వేయకండి, ఆ రోజే కుట్టండి.

బాయిలర్‌లో చితుకులు, కొబ్బరి చిప్పలు, రంపపు ముక్కలు వేసేవారికి రెండు పక్కలా తెరిచి ఉండే ఈ సంచి పనికిరాదు, అన్నీ రాలిపోతాయి. వాళ్లు చేయాల్సిన మార్పు చిన్నది. 13 అంగుళాల చదరపు గుడ్డ ముక్కలు రెండు తీసుకుని, అంచులు మడిచి 12 అంగుళాలకు తెచ్చి, చాపను U ఆకారంలో వంచినప్పుడు ఏర్పడే రెండు పక్క ఖాళీలకు తలుపుల్లా కుట్టాలి. ఒక్కో ముక్కకు కింది పక్క, రెండు నిలువు పక్కలు మాత్రం కుట్టి, పై పక్క వదిలేయాలి. నవారు మీద మాత్రం చేయి పెట్టవద్దు, అది ముందు చెప్పినట్టే ఉండాలి.